యువ విద్వాంసుల పోటీ: శ్రోతగా నాకు తోచింది

ముందువరుస:
మొన్న ఆదివారం మన హైదరాబాదులో జరిగిన ఒక కర్ణాటక సంగీత యువ విద్వాంసుల పోటీ తుది విడతకు వెళ్ళాను. పొద్దున కూర్చున్నదాన్ని బహుమతులు ప్రకటించేదాకా కదలలేదు. నిర్వాహకుల పేరు, పిల్లల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పాల్గొన్నవారిలో చాలామంది ఇంకా బడి పిల్లలే. మీలో ఎవరికైనా తెలిసినా దయచేసి పేర్లు పెట్టవద్దు.

పిల్లల విద్య గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంత చదువు ఒత్తిడిలో, ఇంత ట్రాఫిక్‌లో పాఠానికి వెళ్ళివస్తూ ఆ స్థాయికి చేరినందుకు వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. నా బాధంతా మనం పెట్టే నిబంధనల గురించి. నిదానంగా, లోతుగా పాడాలనుకునే పిల్లలకు వాటిలో చోటు లేదు.

ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో హెచ్చరిక గంట. ఆ పదిలోనే శ్రుతి చూసుకోవాలి, ఆలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించడం) చేయాలి, కృతి పాడాలి, కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేసి ముక్తాయింపుతో, అంటే లెక్క కట్టిన ముగింపుతో, ముగించాలి. ఈ కొలతకు ఏ రాగాలు సరిపోతాయో పిల్లలకూ తెలుసు, వాళ్ళ గురువులకూ తెలుసు. అందుకే హంసధ్వని, మోహనం, హిందోళం, షణ్ముఖప్రియ మళ్ళీ మళ్ళీ వచ్చాయి. వాద్యాల విభాగంలో కదనకుతూహలం ఒకరి తరువాత ఒకరు వాయించారు. నిదానంగా పాడవలసిన ముఖారి లేదు, బేగడ లేదు, వరాళి లేదు, ఆనందభైరవి లేదు.

ఒక అమ్మాయి మాత్రం సహానా ఎత్తుకుంది. సహానాలో దిగేటప్పుడు గాంధారం నుంచి సూటిగా షడ్జానికి రావడానికి వీల్లేదు. గ మ రి గ రి స అని వంకర తిరిగి, రిషభం దగ్గర ఊపిరి తీసుకుని రావాలి. తొందరపడితే రాగం చేజారుతుంది. ఆ పిల్ల తొందరపడలేదు. ఆ రిషభం మీద ఊగీ ఊగనట్లు నిలిచి, మధ్యమాన్ని అలా తాకి వెనక్కి వచ్చినప్పుడు పక్కన వయొలిన్ వాయిస్తున్న పెద్దాయన కమాను తీగ మీద నుంచి ఎత్తేసి వింటూ ఉండిపోయారు. ఆయన వంతు వచ్చిందని ఆ పిల్లే తలతిప్పి చూసి గుర్తు చేయవలసి వచ్చింది.

తరువాత త్యాగరాజస్వామివారి ‘గిరిపై నెలకొన్న’. అనుపల్లవి అయ్యేసరికి హెచ్చరిక గంట, చరణం మధ్యలో ముగింపు గంట. పాట అక్కడే ఆపి నమస్కారం పెట్టి లేచింది. సభలో ఆ రోజు అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు ఆ పిల్లకే. బహుమతుల్లో మూడో స్థానం కూడా రాలేదు.

తుది విడతకు వచ్చేది ఎనిమిది, పది మంది. వాళ్ళకైనా తలా అరగంట ఇచ్చి, రాగం ఎంపిక వాళ్ళకే వదిలేస్తే ఎవరికి నష్టం?

లయదీపం:
నేనూ ఆ సభలోనే ఉన్నాను. సహానా విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మొదటి బహుమతి తీసుకున్న షణ్ముఖప్రియ అబ్బాయికి అన్యాయం చేయకండి. స్వరకల్పన మధ్యలో ఖండగతికి (తాళం దెబ్బకు అయిదు లెక్క) మారి, రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) అందులోనే నడిపి, తిరిగి చతురశ్రానికి (నాలుగు లెక్కకు) వచ్చి, ముక్తాయింపును కృతి ఎత్తుగడ మీద కచ్చితంగా దించాడు. తాళం వేస్తున్న చేయి ఒక్కసారి కూడా తడబడలేదు. వేగంగా పాడినవన్నీ పైపై సంగీతమే అనుకోవడం సరికాదు. లెక్క కూడా మన సంగీతంలో సగభాగం.

ముందువరుస:
లయదీపం గారూ, ఆ అబ్బాయికి బహుమతి రాకూడదని నేను అనలేదు. అతను పాడినది నాకూ నచ్చింది. అతనికి కావలసినవన్నీ పది నిమిషాల్లో ఇమిడాయి, ఆ అమ్మాయికి కావలసినవి ఇమడలేదు. ఒకే గడియారం ఇద్దరికీ ఒకే న్యాయం చేయలేదన్నదే నా మాట.

సంగీతం టీచరు:
ఈ పోటీకి నేను లేను గానీ, ఇలాంటి చాలా పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. మా వైపు నుంచి కూడా కొంచెం వినండి.

మా చేతికి ఒక కాగితం ఇస్తారు. శ్రుతిశుద్ధి, లయ, గమకం, సాహిత్య ఉచ్చారణ, మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడడం), పాఠాంతరం (గురువు దగ్గర నేర్చిన పాట బాణీ), ఇలా గళ్ళు ఉంటాయి. ఒక్కొక్కదానికి మార్కులు. చరణం పూర్తి కాకపోతే కృతి అసంపూర్తి అని రాయాలి. మనసు ఒప్పుకోకపోయినా రాయాలి. ఎందుకంటే ఆ తరువాత వచ్చే పిల్ల కూడా అదే నిబంధన పాటించి, తన ఆలాపన కుదించుకుని చరణం పూర్తిచేసింది. నిబంధన పాటించినవాళ్ళను శిక్షించినట్లు కాకూడదు కదా.

ఇక ప్రాథమిక విడతలో పిల్లలు చాలా ఎక్కువ మంది వస్తారు. అక్కడ పది నిమిషాలు ఇవ్వడమే కష్టం. నిజం చెప్పాలంటే, రెండు కాలాల్లో (వేగాల్లో) వర్ణం, అంటే సాధనకు పునాది అయిన రచన, పాడించి వింటే అయిదు నిమిషాల్లో పునాది తెలిసిపోతుంది. భైరవి అటతాళ వర్ణం శుద్ధంగా పాడిన పిల్లకు ఇంకో పరీక్ష అక్కరలేదు. అయితే అది పునాదికి పరీక్ష మాత్రమే. తుది విడతలో చూడవలసింది వేరు. అక్కడ మీరు చెప్పిన అరగంట సబబే.

మృదంగధ్వని:
పక్కవాద్యం వాయించేవాణ్ణి. ఎవరూ అడగని సంగతి ఒకటి చెబుతాను.

అమ్మాయిలు అయిదు, అయిదున్నర శ్రుతిలో పాడతారు (అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు). మగపిల్లలు, గొంతు మారినవాళ్ళయితే, ఒకటి, ఒకటిన్నర. ఇద్దరికీ ఒకే మృదంగం పనికిరాదు. హెచ్చు శ్రుతికి పొట్టి మృదంగం, తగ్గు శ్రుతికి పొడుగుది, పెద్దది కావాలి. ఈ పోటీల్లో వరుస చీటీలు వేసి నిర్ణయిస్తారు. అయిదున్నర అమ్మాయి దిగగానే ఒకటిన్నర అబ్బాయి, అతని వెనకే నాలుగు శ్రుతి వేణువు. ప్రతిసారీ వాద్యం మార్చాలి, రాయీ కొయ్యా పట్టుకుని అంచు మీద తట్టి కుడివైపు చర్మాన్ని శ్రుతికి తేవాలి. ఏసీ హాలులో ఒకసారి కుదిరిన శ్రుతి పది నిమిషాలకు మళ్ళీ కదులుతుంది. ఎడమవైపు చర్మానికి అంటించే తడి రవ్వ ఆరిపోతుంది, మళ్ళీ పెట్టాలి. వయొలిన్ వాయించేవారికీ ఇదే అవస్థ, నాలుగు తీగలూ ప్రతి పిల్లకూ కొత్తగా కట్టాలి.

ఇదంతా ఎవరి సమయంలోంచి పోతుంది? వేదిక ఎక్కిన పిల్ల సమయంలోంచి. ఇంకో సంగతి. ఆ పిల్లకూ మాకూ అంతకుముందు పరిచయం ఉండదు. ఏం పాడబోతోందో వేదిక మీద కూర్చున్నాక చెవిలో చెబుతుంది. ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) మీదా, అరచోటు (అర దెబ్బ) తరువాతా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

శ్రుతిని బట్టి పిల్లలను రెండు, మూడు జట్లు చేసి, ఆ జట్టులో చీటీలు వేస్తే సగం బాధ తీరుతుంది. ఖర్చు ఏమీ లేదు. ఈ మాట నేను చాలామంది నిర్వాహకులకు చెప్పాను. సరే సరే అంటారు, మళ్ళీ అదే వరుస.

వీణపాణి:
మృదంగధ్వని గారు నా మనసులో మాట చెప్పారు. వీణ పిల్లల గోడు ఇంకా ఎక్కువ. నాలుగు వాయించే తీగలు, మూడు తాళం తీగలు. బయటి ఎండలోంచి చల్లటి హాలులోకి తెస్తే ఏడూ మారతాయి. శ్రుతి చేసుకోవడానికి వేదిక వెనక ఒక గది కూడా ఇవ్వరు. ముందు పాడుతున్న పిల్ల గొంతు వినిపిస్తుంటే పక్కనే నిలబడి వేరే శ్రుతి ఎలా కలపగలం?

మైకు కూడా గాత్రానికి సరిచేసినదే ఉంటుంది. వీణలో గమకమంతా తీగను మెట్టు మీద పక్కకు లాగడంలో ఉంటుంది. మీటిన తరువాత మిగిలే సన్నని నాదంలోంచే ఆ లాగుడు వినిపించాలి. మైకు సరిగా లేకపోతే మీటు ఠక్కుమని వినిపిస్తుంది, దాని తోక వినిపించదు. అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? మీట్లు పెంచుతారు, వేగం పెంచుతారు. కదనకుతూహలం ఎందుకు అన్నిసార్లు వస్తుందంటే ఇందుకే. ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు పుట్టిన నేల మనది. వీణ పాడుతుంది అని విన్నవాళ్ళం. పిల్లలకు పాడించే అవకాశం కూడా ఇవ్వాలి కదా.

వర్ణం విద్యార్థి:
అందరికీ నమస్కారం. నాకు పదిహేడేళ్ళు. ఈ పోటీలో కాదు గానీ, వేరే పోటీల్లో పాల్గొన్నాను. పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు.

మనోధర్మం అని మార్కులు వేస్తున్నది చాలావరకు మనోధర్మం కాదు. స్వరాలు నోటు పుస్తకంలో రాసుకుని కంఠస్థం చేసి వస్తాము. ఆలాపన కూడా సెకన్లు చూసుకుని తయారుచేస్తాము. రెండు నిమిషాల ఇరవై సెకన్లు ఆలాపన, అంతే. ఇంట్లో ఫోనులో టైమర్ పెట్టుకుని సాధన చేస్తాము. అలా చేయకపోతే గంట మోగినప్పుడు మధ్యలో ఉంటాము. నాకు తోడి అంటే ప్రాణం. కానీ తోడి పోటీలో ఎప్పుడూ పాడలేదు. మా గురువుగారు వద్దనలేదు, నేనే ధైర్యం చేయలేదు.

ఆ అక్క సహానా పాడిందని చదివాక నాకు చాలా సంతోషం కలిగింది.

సంగీతం టీచరు:
బాబూ, ఇందులో ఏమీ అనుకోవడానికి లేదు. నిజం చెప్పావు. న్యాయనిర్ణేతలకు కూడా ఇది తెలుసు. రాసుకున్న స్వరానికీ అప్పుడు పుట్టిన స్వరానికీ తేడా చెవికి తెలుస్తుంది. రాసుకున్నది పాడే పిల్ల వయొలిన్ వైపు చూడదు.

దీనికి మందు కూడా ఉంది. తుది విడతలో చీటీ తీసి రాగం ఇవ్వాలి. తోడి, కల్యాణి, కాంభోజి, శంకరాభరణం, భైరవి, ఖరహరప్రియ. పెద్ద రాగాలే, పిల్లలందరికీ పాఠమైనవే. వేదిక ఎక్కే ముందు పావుగంట ఆలోచించుకోనివ్వాలి. లేదా పిల్ల పాడిన కృతిలోనే ఒక పాదం న్యాయనిర్ణేతలు ఎంచి, దానికి నెరవల్ చేయమనాలి, అంటే ఆ పాదాన్నే రకరకాలుగా పెంచి పాడమనాలి. నెరవల్‌లో సాహిత్యం చెడకూడదు, పదాల చోటు మారకూడదు, రాగం పెరగాలి. అది ముందుగా రాసుకుని వచ్చేది కాదు. తోడి పాడు. మార్కులు పోతే పోనీ.

పడమటిస్వరం:
నేను ఎక్కువగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటాను. మీ చర్చ చదువుతుంటే వార్సాలో జరిగే షోపెన్ పియానో పోటీ గుర్తొచ్చింది. 1927లో మొదలైంది, సాధారణంగా అయిదేళ్ళకు ఒకసారి జరుగుతుంది. అక్కడ తొలి దశ దాటినవారికి అరగంటకు పైగా సమయం ఇస్తారు, చివరి దశలో పూర్తి వాద్యబృందంతో కచేరీ. అంత సమయం ఇచ్చినా గొడవలు తప్పలేదు. 1980లో ఇవో పొగొరెలిచ్ అనే యువకుణ్ణి చివరి దశకు పంపనందుకు, 1965లో అదే పోటీ గెలిచిన మార్తా ఆర్గెరిచ్ న్యాయనిర్ణేతల బృందంలోంచి తప్పుకున్నారు. ఆ ఏడాది గెలిచినది వియత్నాం యువకుడు దాంగ్ థాయ్ సన్, ఆసియా నుంచి మొదటి విజేత. తరువాతి కాలంలో ఇద్దరూ పెద్ద కళాకారులే అయ్యారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2015లో చేసిన పని. ఏ న్యాయనిర్ణేత ఎవరికి ఎన్ని మార్కులు వేశారో పోటీ అయ్యాక అంతా బయటపెట్టారు. మొదటి బహుమతి పొందిన దక్షిణ కొరియా యువకుడికి చివరి దశలో ఒక న్యాయనిర్ణేత పదికి ఒక్క మార్కు వేసినట్టు లోకమంతా చూసింది. అయినా అతనే గెలిచాడు. అభిప్రాయభేదం ఉండడం తప్పు కాదు. దాన్ని దాచడం వల్లే అనుమానాలు పుడతాయి. మన దగ్గర మార్కుల కాగితాలు పిల్లలకైనా చూపిస్తారా?

సంగీతం టీచరు:
నేను కూర్చున్న చోట్ల చూపించలేదు. చూపించాలి. మార్కులకన్నా ముఖ్యంగా రెండు వాక్యాలు రాసి ఇవ్వాలి, ఏది బాగుంది, ఏది దిద్దుకోవాలి అని. పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళవలసింది అదే.

నాచారం తల్లి:
మా అబ్బాయి చిన్నప్పటి నుంచి అయిదు శ్రుతిలో పాడేవాడు. పద్నాలుగో ఏడు వచ్చేసరికి గొంతు విరగడం మొదలైంది. పై స్థాయిలో గాంధారం పలికేవాడు, ఇప్పుడు షడ్జం కూడా అందడం లేదు. ఈ పోటీల్లో పదమూడు నుంచి పదహారు వరకు ఒక విభాగం. మగపిల్లలకు గొంతు మారే వయసు సరిగ్గా అదే. ఆడపిల్లలతో కలిపి పోటీ పెడితే వీడు ప్రతిసారీ వెనకే. పోటీ అయ్యాక ఇంటికి వచ్చి మాట్లాడడు. సంగీతం మానేస్తానన్నాడు కూడా. దీనికి ఎవరైనా మార్గం చెప్పండి.

సంగీతం టీచరు:
అమ్మా, ముందుగా ఆ రెండేళ్ళు పోటీలు మాన్పించండి, సాధన మాన్పించవద్దు. శ్రుతి దించేయండి, ఎక్కడ గొంతు హాయిగా నిలుస్తుందో అక్కడే. మంద్రస్థాయి సాధన, నెమ్మదిగా సరళీ స్వరాలు, అకారం. పైస్థాయికి బలవంతం చేయవద్దు. ఈ కాలంలో వాడికి వీణో వయొలినో కొద్దిగా నేర్పిస్తే రాగజ్ఞానం ఆగదు. కొత్త కృతులు పాఠం చేయించండి, వినడం పెంచండి. గొంతు కుదురుకున్నాక ఇదంతా పెట్టుబడిగా తిరిగి వస్తుంది. పిల్లవాడికి మాత్రం ఇది వాడి లోపం కాదని, ఒంట్లో జరిగే మార్పని తప్పకుండా చెప్పండి. ఈ మాట వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

నాచారం తల్లి:
చాలా ధన్యవాదాలు అండీ. నిజంగానే ఎవరూ చెప్పలేదు. ఈ రాత్రికే వాడికి చదివి వినిపిస్తాను.

ముక్కుసూటి:
ఇన్ని ఇబ్బందులున్నప్పుడు పోటీలు ఎందుకు? ఎత్తేయండి. త్యాగరాజస్వామి ఏ పోటీలో గెలిచారు? పిల్లలకు ఆరాధనోత్సవాల్లో పాడే అవకాశం ఇస్తే చాలు.

లయదీపం:
ఎత్తేస్తే గురువుగారి పలుకుబడి లేని పిల్లలకు వేదిక ఎక్కడ దొరుకుతుంది? పెద్ద సభల్లో అవకాశం రావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. పోటీలో దరఖాస్తు పెట్టుకుంటే చాలు. ఆ షణ్ముఖప్రియ అబ్బాయి తండ్రి ఆటో నడుపుతారు, విరామంలో మాట్లాడాను. పొద్దున పిల్లవాణ్ణి పాఠానికి దింపి, బయటే ఆటోలో కూర్చుని పాఠమంతా వింటారట. పోటీ లేకపోతే ఆ పిల్లవాడు ఈ హాలులో అడుగుపెట్టేవాడా?

ముందువరుస:
లయదీపం గారి మాటే నా మాట కూడా. పోటీ ఉండాలి. పిల్లలకు అంతసేపు పాడే శక్తి ఉండదని ఒక నిర్వాహకుడు నాతో అన్నారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. బాలమురళీకృష్ణగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికంలో ఎనిమిదేళ్ళ ప్రాయంలో విజయవాడలో కచేరీ చేశారు. ఆ పసితనం చూసే హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్‌గారు ఆయన పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. అందరూ అలాంటివారు కారు, నిజమే. కానీ ఆ ఇద్దరికీ ముందు కూర్చుని వినే తీరిక ఉన్న సభ దొరికింది. పది నిమిషాలకు గంట కొట్టి ఉంటే మనం ఏం వినేవాళ్ళం?

ఇక్కడ వచ్చిన సూచనలు కలిపి నిర్వాహకులకు ఉత్తరం రాస్తాను. శ్రుతిని బట్టి వరుస, వేదిక వెనక శ్రుతి చేసుకునే గది, తుది విడతకు అరగంట, న్యాయనిర్ణేతలు ఇచ్చే నెరవల్, పిల్లలకు రాతపూర్వక అభిప్రాయం. శ్రుతి చేసుకునే సమయం లెక్కలోంచి తీసేయమని కూడా అడుగుతాను. ఫిర్యాదుగా రాయను. వాళ్ళు సొంత డబ్బు పెట్టి, పిల్లలకు భోజనాలు పెట్టి నడుపుతున్నారు. ఆ కష్టం నాకు తెలుసు.

వీణపాణి:
ఉత్తరంలో వాద్యాలకు వేరే మైకు సంగతి కూడా చేర్చండి. నా సంతకం వేసుకోండి.

మృదంగధ్వని:
నాదీ.

పద్మారావునగర్ శ్రోత:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఉత్తరానికి జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోపు ఒక పని చేయవచ్చు. మా ఇంటి మేడ మీద హాలు ఉంది, నలభై మంది హాయిగా కింద కూర్చోవచ్చు. మైకు అక్కరలేదు. ముందువరుస గారికి ఆ అమ్మాయి గురువుగారు తెలిసి ఉంటే, తల్లిదండ్రుల అనుమతితో ఒక ఆదివారం సాయంత్రం ఆ సహానా పూర్తిగా పాడమని అడగండి. గంటన్నర, రెండు గంటలు ఆమె ఇష్టం. షణ్ముఖప్రియ అబ్బాయిని మరో ఆదివారం పిలుద్దాం. పక్కవాద్యాలవారికి సంభావన మేము చూసుకుంటాము.

ముందువరుస:
గురువుగారు తెలుసు. రేపే ఫోను చేస్తాను. వర్ణం విద్యార్థి, నువ్వు కూడా రా. మూడో ఆదివారం తోడి నీది.

వర్ణం విద్యార్థి:
తప్పకుండా వస్తాను. పాడడం గురించి మా గురువుగారిని అడిగి చెబుతాను.

మృదంగధ్వని:
నేను వాయిస్తాను, సంభావన సంగతి తరువాత. ఆ అమ్మాయి శ్రుతి అయిదా, అయిదున్నరా కనుక్కుని ముందే చెప్పండి, దానికి తగిన మృదంగం తెస్తాను. వీలైతే శనివారం ఒక గంట కలిసి కూర్చుందాం.